ఊళ్లో అప్పుల లెక్క తీయడం ఎలా: గ్రాంటుతో చేసే గ్రామ సర్వేకు పని పద్ధతి

కౌలు, కూలి, పొదుపు సంఘాలు, అప్పులు లాంటి విషయాల మీద గ్రాంటు తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఇంటింటి సర్వే చేయబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. మొత్తం పనిని గ్రామీణ కుటుంబాల అప్పుల అధ్యయనం అనే ఒక్క ఉదాహరణతోనే చూపిస్తాం. జనం చెప్పడానికి బాగా ఇబ్బంది పడేదీ, అడిగేవాళ్లు తేలిగ్గా పొరపడేదీ అప్పు దగ్గరే. అప్పును సరిగ్గా అడగగలిగిన బృందానికి భూమి, ఆదాయం, ఖర్చు అడగడం పెద్ద పని కాదు.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"ఫలానా జిల్లాలో రైతుల రుణభారం: ఒక అధ్యయనం" అని శీర్షిక పెట్టి పంపే దరఖాస్తులు చాలా వరకు అక్కడే ఆగిపోతాయి. ఎంతమంది అప్పుల్లో ఉన్నారన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికే ఉంది. జాతీయ నమూనా సర్వే 77వ రౌండు ప్రకారం 2018-19లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి అప్పుంది. దేశం మొత్తం మీద అది 50.2 శాతం. కుటుంబానికి సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో ₹2,45,554, తెలంగాణలో ₹1,52,113, దేశంలో ₹74,121. నూటికి తొంభైమందికి పైగా అప్పున్న చోట అప్పుందా లేదా అని మళ్లీ కొలవడానికి గ్రాంటు డబ్బు ఖర్చు పెట్టడం దండగ.

ఆ అంకెలు చెప్పనిది ఏమిటో వెతకండి. "ఒకే పంటకు పెట్టుబడి తెచ్చుకునేటప్పుడు సొంత రైతుకూ కౌలు రైతుకూ పడే వడ్డీలో తేడా ఎంత? బ్యాంకు అప్పు అందకపోవడం వల్ల ఆ తేడాలో ఎంత భాగం వస్తోంది?" ఇది ప్రశ్న. ఇందులో ఎవరి గురించి, దేన్ని, దేనితో పోల్చి కొలుస్తామో ఉంది. ప్రశ్న రాశాక ఖాళీ పట్టికలు గీయండి. అడ్డం వరసలు, నిలువు వరసలు, శీర్షికలు అన్నీ రాసి అంకెల గడులు మాత్రం ఖాళీగా వదలండి. పది, పన్నెండు పట్టికలు చాలు. ప్రశ్నావళిలో ఏ ప్రశ్న ఈ పట్టికల్లో ఏ గడినీ నింపదో దాన్ని కొట్టేయండి. మొదటి ముసాయిదాలో సగం ప్రశ్నలు ఇలాగే పోతాయి, పోనివ్వండి.

దరఖాస్తు, బడ్జెట్టు

సామాజిక శాస్త్రాలకు దేశంలో ప్రధానంగా నిధులిచ్చేది 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అందరూ అనే మాటలో ఐసీఎస్‌ఎస్‌ఆర్. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. గ్రామీణ విషయాల మీద నాబార్డు కూడా పరిశోధనలకు డబ్బిస్తుంది. గరిష్ఠ మొత్తాలు, ఏ పద్దుకు ఎంత శాతమన్న నిబంధనలు మారుతుంటాయి. పోయిన ఏడాది సహోద్యోగి వాడిన ఫార్మాట్ కాపీ కొట్టకుండా ఈ ఏడాది నోటిఫికేషన్ మొత్తం చదవండి.

దరఖాస్తులో సర్వసాధారణంగా కనిపించే లోపం: గత అధ్యయనాల సమీక్ష పదిహేను పేజీలు, పద్ధతి ఒక పేజీ. నిపుణుల కమిటీ చూసేది ఆ ఒక్క పేజీనే. నమూనా ఎలా తీస్తారు, ఎన్ని కుటుంబాలు, ఆ సంఖ్య ఎలా వచ్చింది, ఏ నెలలో ఏ పని అన్నవి అక్కడ ఉండాలి. ఖాళీ పట్టికల్లో మూడింటిని అనుబంధంగా జోడిస్తే దరఖాస్తుకు బలం వస్తుంది.

బడ్జెట్టును రూపాయల నుంచి మొదలుపెట్టకండి, మనిషి-రోజుల నుంచి మొదలుపెట్టండి. ఒక ఇంటర్వ్యూకు 75 నుంచి 90 నిమిషాలు పడుతుంది. ఒక ఇన్వెస్టిగేటర్ రోజుకు మూడు మాత్రమే చేయగలరు. రోజుకు ఆరు చేశామని ఎవరైనా అంటే అందులో సగం చెట్టు కింద కూర్చుని నింపినవే అనుకోవాలి. 600 కుటుంబాలకు నలుగురు ఇన్వెస్టిగేటర్లయితే 50 రోజులు. దానికి ముందు ఇళ్ల జాబితా తయారుచేయాలి. ఒకరు రోజుకు 45 ఇళ్లు రాయగలరు కాబట్టి 4,000 ఇళ్లకు నలుగురికి 22 రోజులు. శిక్షణకు 6, ప్రయోగాత్మక సర్వేకు 3, మళ్లీ వెళ్లి సరిచూసుకోవడానికి, తాళం వేసిన ఇళ్లకు, ఊళ్ల మధ్య ప్రయాణానికి 9. మొత్తం 90 రోజులు, నలుగురికి 360 మనిషి-రోజులు. ఈ సంఖ్యను రోజు భత్యంతోనూ బస, భోజనం ఖర్చుతోనూ గుణించండి. అది గ్రాంటు పరిమితి దాటితే కుటుంబాల సంఖ్య తగ్గించండి. రోజులు తగ్గించకండి.

ఎన్ని ఊళ్లు, ఒక్కో ఊళ్లో ఎన్ని ఇళ్లు

"600 కుటుంబాలు, 10 ఊళ్లు, ఊరికి 60" అని రాయడం అలవాటు. లెక్క వేసి చూస్తే ఇది దుబారా. ఒక ఊరివాళ్లకు నీటి వసతి ఒకటే, బ్యాంకు ఒకటే, పురుగుమందుల షాపు ఒకటే. అందుకని వాళ్ల జవాబులు కొంతవరకు ఒకేలా ఉంటాయి. ఆ పోలిక స్థాయి (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరిదీ ఒకే జవాబు) 0.05 అనుకుందాం. ఊరికి 60 కుటుంబాలయితే నమూనా పలుచబడే గుణకం 1 + (59 × 0.05), అంటే 3.95. మీ 600 కుటుంబాలు 152 కుటుంబాలను విడివిడిగా ఎంచుకున్నదానితో సమానం. అదే 600ను 20 ఊళ్లకు పంచి ఊరికి 30 తీస్తే గుణకం 2.45, ఫలితం 245 కుటుంబాలకు సమానం. శాతాల్లో చెప్పాలంటే తప్పు పరిధి (అసలు అంకెకు అటూ ఇటూ ఉండగల తేడా) దాదాపు 8 నుంచి 6.3కు తగ్గుతుంది. ఖర్చు పెరిగేది ప్రయాణంలోనే.

అయితే 20 ఊళ్లు మొత్తం జాబితా రాయాలంటే ఇళ్లు 8,000 అవుతాయి. కాబట్టి పెద్ద ఊరిని వంద వంద ఇళ్ల భాగాలుగా పటం మీద విడగొట్టి, అందులో రెండు భాగాలను లాటరీ తీసి, వాటికే జాబితా రాయండి. ఇక్కడొక జాగ్రత్త: దళితవాడ, తండా, కొత్త కాలనీ మొత్తం ఒకే భాగంలోకి వస్తే లాటరీలో అవి పూర్తిగా తప్పిపోవచ్చు. వాటిని ముందే వేరే గుంపుగా పెట్టుకుని అందులోంచి కూడా ఒక భాగం తీయండి. ఏ భాగం ఎంపికయ్యే అవకాశం ఎంతో ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకోండి. ఏడాది తర్వాత వెయిట్లు (నమూనాలో ఒక్కో కుటుంబం ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) కట్టేటప్పుడు అది ఎవరికీ గుర్తుండదు.

మూడు, నాలుగు ఊళ్లను ఎంచుకుని ప్రతి ఇంటినీ అడిగే పద్ధతి కూడా ఉంది. మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరులో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలది ఇంకో దారి: కొద్ది ఊళ్లు, కొద్ది కుటుంబాలు, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అడగడం. ఊళ్లో ఎవరు ఎవరికి అప్పిస్తున్నారో అర్థం కావాలంటే ప్రతి ఇంటినీ అడగడం మేలు. జిల్లాకో రాష్ట్రానికో వర్తించే అంకె కావాలంటే మాత్రం ఎక్కువ ఊళ్లు తప్పవు. రెండూ ఒకే గ్రాంటులో కావాలనుకుంటే రెండూ చెడతాయి.

ఇళ్ల జాబితా

పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను జాబితా, ఓటర్ల జాబితా, పాసుపుస్తకాల జాబితా, వీటిలో దేన్నీ నమూనాకు ఆధారం చేసుకోకండి. 2011 తర్వాత జనగణన అంకెలు లేవు కాబట్టి పాతవి ఊరి పరిమాణం అంచనాకు మాత్రమే పనికొస్తాయి. భూమి రికార్డుల్లో యజమాని ఉంటాడు, దున్నేవాడు ఉండడు. రికార్డు పట్టుకుని వెళితే మీ అధ్యయనంలోంచి కౌలు రైతులు మొదటి రోజే జారిపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగు హక్కు కార్డుల జాబితా కూడా చాలదు. యజమాని ఒప్పుకోని చోట కౌలు నోటిమాట మీదే నడుస్తుంది, కార్డు రాదు.

ఊరి ఒక మూల నుంచి మొదలుపెట్టి కుడిచేతి వైపు గోడ వదలకుండా నడవండి. ప్రతి పొయ్యికీ ఒక వరస. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. తాళం వేసినదాన్ని కూడా రాసి, పక్కింటివాళ్లను అడిగి వలస వెళ్లారా, చనిపోయారా, పట్నంలో స్థిరపడ్డారా అన్నది నమోదు చేయండి. జాబితాలో ఎనిమిది ప్రశ్నలు చాలు: ఇంటిపెద్ద ఎవరు, ఎంతమంది, సొంత సాగు ఎంత, కౌలుకు తీసుకున్నది ఎంత, కౌలుకు ఇచ్చింది ఎంత, ప్రధాన ఆదాయం ఏది, సామాజిక వర్గం ఏది, పోయిన ఏడాది ఎవరైనా మూడు నెలలకు మించి బయట పని చేశారా. అప్పు ప్రస్తావన ఇక్కడ అసలు వద్దు.

కౌలు గురించి "మీరు కౌలు రైతా?" అని అడిగితే సొంత భూమి ఎకరం ఉండి ఐదెకరాలు కౌలు చేసేవాళ్లు "కాదు, సొంతమే" అంటారు. "ఈ ఏడాది మీరు దున్నిన పొలాలన్నీ చెప్పండి, ఏది ఎవరిది?" అని ముక్క ముక్కగా అడగండి.

జాబితా చేతికొచ్చాక కుటుంబాలను వర్గాలుగా విడదీయండి. 200 ఇళ్లలో 40 కౌలు కుటుంబాలుంటే, ప్రశ్న వాళ్ల గురించే కాబట్టి 15 కౌలు ఇళ్లు, మిగతా 160లోంచి 15 ఇళ్లు తీయవచ్చు. అప్పుడు ఒక్కో కౌలు కుటుంబం 2.67 ఇళ్లకు, ఒక్కో ఇతర కుటుంబం 10.67 ఇళ్లకు ప్రతినిధి. ఈ వెయిట్లు వేయకుండా సగటు తీస్తే ఊళ్లో సగంమంది కౌలు రైతులన్నట్టు వస్తుంది. నిజంగా ఉన్నది 20 శాతం. అచ్చయిన నివేదికల్లో కూడా కనిపించే తప్పు ఇది.

అప్పును అడగడం

ప్రశ్నావళి మొత్తం మీద ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. శిక్షణ ఆరు రోజుల్లో మూడు రోజులు దీనికే ఇవ్వండి.

"మీకు అప్పులున్నాయా? ఎంత?" అని అడిగితే బ్యాంకు అప్పు ఒక్కటే చెబుతారు. 2014లో రెండు రాష్ట్రాల్లోనూ, 2024లో తెలంగాణలోనూ రుణమాఫీలు చూసినవాళ్లకు బ్యాంకు అప్పు చెప్పుకుంటే ఏదైనా కలిసి రావచ్చన్న ఆశ ఉంటుంది. షావుకారు దగ్గర తెచ్చింది చెప్పుకుంటే పరువు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అందుకని పంట దగ్గర్నుంచి మొదలుపెట్టండి: "విత్తనం ఎక్కడ తెచ్చారు? ఎరువుల డబ్బు అప్పుడే కట్టారా, పంటొచ్చాక ఇస్తామన్నారా? ట్రాక్టరు కిరాయి ఎలా సర్దారు? కౌలు ముందే కట్టారా?" ప్రతి ఖర్చు వెనకా డబ్బు ఎక్కడిదో అడుగుతూ పోతే అప్పులు వాటంతట అవే బయటికొస్తాయి. తర్వాత పెళ్లి, ఆసుపత్రి, ఇల్లు, చదువు, బండి.

ఆ తర్వాత వనరుల చిట్టా చదివి వినిపించండి. ఒక్కటీ వదలొద్దు: బ్యాంకు పంట రుణం, సహకార సంఘం, బంగారం మీద తెచ్చింది, డ్వాక్రా గ్రూపు అప్పులో వాటా, స్త్రీనిధి, వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్సు, రోజు వసూలు ఫైనాన్సు, పురుగుమందుల షాపు అరువు, కమీషన్ వ్యాపారి అడ్వాన్సు, ప్రామిసరీ నోటు మీద తెచ్చింది, బంధువుల చేబదులు, పాడుకున్న చీటీ, బండి లేదా ఫోను వాయిదాలు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, కట్టాల్సిన పాత కౌలు. ఒక్కో అప్పుకు ఒక్కో వరస. ఒకే షావుకారు దగ్గర రెండుసార్లు తెస్తే రెండు వరసలు.

ఇంటికి ఇద్దరిని, విడివిడిగా అడగండి. డ్వాక్రా, మైక్రోఫైనాన్సు, మెడలో గొలుసు తాకట్టు సంగతి ఆడవాళ్లకు తెలుస్తుంది. షాపు అరువు, నోటు అప్పు మగవాళ్లకు తెలుస్తుంది. డ్వాక్రా దగ్గర ఇంకో మెలిక ఉంది. పదిమంది గ్రూపుకు పది లక్షలు వస్తే తలా లక్ష అని రాసేయకండి. ఎవరు ఎంత తీసుకున్నారు, ఆమె పేరున వచ్చింది నిజంగా ఎవరు వాడుకున్నారు, వాయిదా ఎవరు కడుతున్నారు అని మూడూ అడగాలి.

ఇక వడ్డీ. ఊళ్లో "రెండు రూపాయలు" అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. పట్నం నుంచి వచ్చిన ఇన్వెస్టిగేటరు దాన్ని 2 శాతమని రాస్తారు. బ్యాంకు 7 శాతమని ఇంకో వరసలో ఉంటుంది. సగటు తీస్తే షావుకారు బ్యాంకు కన్నా చౌక అని తేలుతుంది! అంకె పక్కనే "నూటికి నెలకు రూపాయలు" లేదా "ఏడాదికి శాతం" అన్న గడి తప్పనిసరి చేయండి. తెలంగాణ ఊళ్లలో మిత్తి అనే అడగండి.

ప్రామిసరీ నోటు దగ్గర పడే పొరపాటు ఇంకా పెద్దది. నోటుకు కాలపరిమితి మూడేళ్లు. మురిగిపోకుండా గడువు లోపే అసలూ వడ్డీ కలిపి తిరగరాస్తారు. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. మూడేళ్లకు వడ్డీ 72,000. కొత్త నోటు 1,72,000కు రాస్తారు. మళ్లీ మూడేళ్లకు ఇంకో 1,23,840 కలిసి 2,95,840 అవుతుంది. ఇన్వెస్టిగేటరు వెళ్లిన రోజు చేతిలో ఉన్నది రెండో నోటు అయితే "అప్పు తెచ్చిన ఏడాది: నిరుడు, మొత్తం: 1,72,000, ఎందుకు: పాత బాకీ తీర్చడానికి" అని నమోదవుతుంది. నిజంగా వచ్చింది లక్షే, ఆరోగ్యం కోసమో బోరు కోసమో, నాలుగేళ్ల కిందట. కాబట్టి ప్రతి నోటు అప్పుకూ నాలుగు ప్రశ్నలు విడిగా పెట్టండి: మొట్టమొదట చేతికొచ్చిన డబ్బు ఎంత, ఏ ఏడాది, ఇప్పటికి ఎన్నిసార్లు తిరగరాశారు, ఇప్పుడు నోటు మీద ఎంత ఉంది. మొదటి అవసరమేమిటన్నది ఆ మొదటి ఏడాదికే అడగాలి.

రోజు వసూలు ఫైనాన్సులో చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. "వడ్డీ ఎంత?" అంటే "వెయ్యి" అంటారు. అసలు రోజురోజుకూ తరుగుతుంది కాబట్టి దాన్ని ఏడాది వడ్డీగా మారిస్తే సుమారు 78 శాతం. దీన్ని ఊళ్లో లెక్కకట్టమని ఇన్వెస్టిగేటర్లకు చెప్పకండి. చేతికొచ్చింది, వాయిదా, ఎన్ని వాయిదాలు, ఎన్ని కట్టారు, ఇవి మాత్రం రాయించి లెక్క కంప్యూటర్ మీద వేసుకోండి.

చీటీ విషయం చాలా సర్వేల్లో కనిపించదు. నెలకు 5,000 చొప్పున 20 నెలల లక్ష రూపాయల చీటీని నాలుగో నెలలో పాడుకున్నవాళ్లకు ఇంకా 16 వాయిదాలు, కసరు (వాయిదాలో తగ్గించే వాటా) తీసేయకముందు 80,000, బాకీ ఉన్నట్టే. పాడనివాళ్లకు అదే చీటీ పొదుపు. "చీటీ ఉందా?" తర్వాత "పాడారా?" అన్నది తప్పకుండా ఉండాలి.

కొలతలు

తెలంగాణలో 2.20 అని చెబితే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు, అంటే 2.2 ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు. ఫారంలో ఎకరాలకు ఒక గడి, గుంటలు లేదా సెంట్లకు ఇంకో గడి పెట్టండి. చుక్క పెట్టనివ్వకండి. ధాన్యం బస్తా కృష్ణా, గోదావరి డెల్టాలో 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రాల దగ్గర 40 కిలోలు. కౌలు బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో అదే వరసలో రాయాలి. జ్ఞాపకానికి నెలల పేర్ల కన్నా పండుగలు నయం: ఉగాదికి ముందా, దసరాకా, సంక్రాంతికి ధాన్యం అమ్మాకా.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

పంట అమ్మకం అయిపోయి మళ్లీ విత్తనం వేయకముందు అయితే లెక్కలు గుర్తుంటాయి, మనుషులు దొరుకుతారు. పత్తి, కంది వేసే మెట్ట ప్రాంతాల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, దాళ్వా వరి ఉన్న డెల్టాలో మే నెల. మేలో ఎండ వల్ల రోజుకు మూడు కాస్తా రెండు ఇంటర్వ్యూలే అవుతాయి, ఆ మేరకు రోజులు పెంచుకోండి. ఉపాధి హామీ పనులు నడిచే రోజుల్లో పొద్దున ఎవరూ ఉండరు. వలస ప్రాంతాల్లో చలికాలం వెళితే సగం ఇళ్లకు తాళాలే. పంచాయతీ ఎన్నికల దరిదాపుల్లో అసలు వెళ్లకండి, మిమ్మల్ని ఏదో ఒక పక్షానికి కట్టేస్తారు.

కలెక్టరుకో ఎంపీడీవోకో ముందే ఉత్తరం ఇచ్చి నకలు దగ్గరుంచుకోండి. సర్పంచ్‌కు చెప్పండి. అంతవరకే. ప్రభుత్వ జీపులో దిగితే, సచివాలయ సిబ్బందిని వెంట తిప్పుకుంటే పథకం కోసమో, రేషన్ కార్డు తీసేయడానికో వచ్చారనుకుంటారు. భూమి తగ్గించి చెబుతారు, అప్పు పెంచి చెబుతారు. పెద్ద రైతు అరుగు మీద కూర్చుని అడగడం ఇంకా చేటు, అప్పిచ్చింది ఆయనే అయి ఉండొచ్చు. ఇంటర్వ్యూ వాళ్ల ఇంటి దగ్గరే, నలుగురు చేరితే ఆపి, "రేపు సాయంత్రం వస్తాం" అని లేచి రావాలి.

సంస్థ నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి. సమ్మతి పత్రాన్ని న్యాయవాది భాషలో రాయకండి. చదివి వినిపించడానికి ఇలా ఉంటే చాలు:

"మేం యూనివర్సిటీ నుంచి వచ్చాం. ఊళ్లలో పెట్టుబడి, అప్పులు ఎలా నడుస్తున్నాయో తెలుసుకుంటున్నాం. మేం ప్రభుత్వం వాళ్లం కాదు, బ్యాంకు వాళ్లం కాదు. మీరు చెప్పినందువల్ల ఏ పథకమూ రాదు, ఏదీ పోదు. మీ పేరు నివేదికలో ఎక్కడా రాయం. గంటన్నర పడుతుంది. ఏ ప్రశ్నకైనా చెప్పను అనొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు. మొదలుపెట్టమంటారా?"

అప్పుల వల్ల ఆత్మహత్య జరిగిన ఇల్లయితే, లేదా అడుగుతుండగా మనిషి కదిలిపోతే, ఫారం మూసేయాలి. పూర్తి కాని ఇంటర్వ్యూకు ఇన్వెస్టిగేటరు భత్యం కోయబోమని ముందే చెబితేనే వాళ్లు మూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 ఉన్న చీటీ ప్రతి ఇన్వెస్టిగేటరు సంచీలో ఉండాలి.

ఇన్వెస్టిగేటర్లు, రోజువారీ తనిఖీ

ఆ జిల్లా యాస వచ్చినవాళ్లను, అయితే ఆ ఊరివాళ్లు కానివాళ్లను తీసుకోండి. ఇద్దరు ఆడవాళ్లు లేకుండా ఈ సర్వే చేయలేరు. డబ్బు ఇంటర్వ్యూకు ఇంత అని కాకుండా రోజుకు ఇంత అని ఇవ్వండి. ముక్కకింత అంటే ముక్కలే వస్తాయి. అప్పు వరస పెంచినకొద్దీ పని పెరుగుతుందని మూడో వారానికల్లా వాళ్లకు అర్థమవుతుంది, "ఇంకేమైనా అప్పుందా?" అన్న ప్రశ్నను "ఇంకేం లేవు కదా?" అని అడగడం మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడానికి ప్రతి రాత్రి ఇన్వెస్టిగేటరు వారీగా ఒకటే అంకె చూడండి: కుటుంబానికి సగటున ఎన్ని అప్పు వరసలు. ఒకరిది నాలుగు నుంచి రెండుకు దిగితే మరుసటి రోజు సూపర్‌వైజరు వాళ్ల పక్కన కూర్చోవాలి.

నూటికి పది ఇళ్లకు సూపర్‌వైజరు మళ్లీ వెళ్లి ఐదు ప్రశ్నలు అడగాలి. ఆ ఇళ్లు ఏవో ముందే ఎవరికీ తెలియకూడదు. కోబో లాంటి యాప్‌లో ఫోను మీద రాస్తే సమయం, చోటు తెలుస్తాయి, తేడా అంకెలను అక్కడే ఆపవచ్చు. వడ్డీ "నూటికి నెలకు" 10 దాటినా, మిగిలిన బాకీ చేతికొచ్చినదానికి మూడింతలు దాటినా హెచ్చరిక వచ్చేట్టు పెట్టండి. ఆపేయకండి, హెచ్చరిక చాలు. అవి నిజమైన అంకెలే అయి ఉండొచ్చు. ఊరు దాటకముందే ఆ ఊరి డేటా మొత్తం చూసేయాలి. పట్నం చేరాక తప్పు దొరికితే దిద్దడానికి మళ్లీ బడ్జెట్టు ఉండదు.

లెక్కలు

సర్వే బాగా చేసి ఇక్కడ చిక్కుకుపోయేవాళ్లు చాలామంది. గ్రాంటు పీఎఫ్‌ఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) ద్వారా సంస్థ ఖాతాకు వస్తుంది, మీ చేతికి రాదు. ఇన్వెస్టిగేటర్ల భత్యం బ్యాంకు ఖాతాకే వేయాలి, రోజువారీ హాజరు పట్టీ జతచేయాలి. బండి కిరాయికి రోజు, ఊళ్లు, కిలోమీటర్లు రాసిన లాగ్ పుస్తకం కావాలి. ఊళ్లో దారి చూపినవాళ్లకూ వంట చేసినవాళ్లకూ ఇచ్చే చిన్న మొత్తాలకు ముందే అచ్చు వేయించిన రసీదు పుస్తకం తీసుకెళ్లండి. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు వాడాలంటే ఖర్చు పెట్టకముందే అనుమతి తీసుకోవాలి, తర్వాత అడిగితే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

వినియోగ ధ్రువపత్రం 2017 సాధారణ ఆర్థిక నియమాల్లోని 12-ఏ ఫారంలో ఇవ్వాలి. అందులోని మొత్తం ఆడిట్ చేసిన ఖర్చుల పట్టికతో రూపాయి తేడా లేకుండా కలవాలి. గ్రాంటు మీద బ్యాంకులో వచ్చిన వడ్డీ మీది కాదు, తిరిగి కట్టాలి, దాన్ని పట్టికలో విడిగా చూపాలి. ఇవి పంపడం ఆలస్యమైతే తర్వాతి వాయిదా ఆగుతుంది. సంక్రాంతికి రావాల్సిన డబ్బు వేసవి దాటాక వస్తే మీ సర్వే కాలం పోతుంది. అందుకే ఆడిటరును మార్చి చివర్లో వెతుక్కోకుండా, గ్రాంటు ఉత్తరం వచ్చిన నెలలోనే మాట్లాడుకోండి.

డేటా అప్పగించే ముందు, ఊరికి తిరిగి వెళ్లేటప్పుడు

ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కు నివేదికతో పాటు డేటా కూడా ఇవ్వాల్సి ఉంటుంది. పేర్లు, ఫోను నంబర్లు, జీపీఎస్ తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. ఊరి పేరు, కులం, తొమ్మిదెకరాల కౌలు, ఫలానా ఏడాది బోరు, ఈ నాలుగూ కలిస్తే ఆ ఊరివాళ్లెవరైనా మనిషిని గుర్తుపడతారు. ఊరి పేరు స్థానంలో సంకేతం పెట్టండి, భూమిని శ్రేణులుగా మార్చండి, పేర్లున్న జాబితాను విడిగా తాళంలో ఉంచండి.

ఫలితాలు ఊరికి చెప్పడానికి వెళ్లేటప్పుడు మండలం మొత్తం అంకెలు పట్టుకెళ్లండి, ఆ ఊరివి కాదు. ఊళ్లో పురుగుమందుల షాపు ఒకటే ఉంటే "షాపు అరువు మీద వడ్డీ ఇంత" అని గోడ మీద చూపించడం ఆ షాపతని పేరు చెప్పినట్టే. పదికి తక్కువ కుటుంబాలున్న గడిని ఎక్కడా చూపకండి. సభ సాయంత్రం ఏడు తర్వాత పెట్టండి. ఆడవాళ్లకు వేరే రోజు, డ్వాక్రా గ్రూపు సమావేశం జరిగే చోటే. రోజు వసూలు అప్పుకు ఏడాదికి 78 శాతం ఎలా వస్తుందో అక్కడ బోర్డు మీద వేసి చూపితే, మీ ప్రశ్నావళిలో లేని నాలుగు రకాల వసూళ్ల గురించి వాళ్లే చెబుతారు. వాటిని నివేదికలో ఇరికించకండి, తర్వాతి దరఖాస్తుకు రాసిపెట్టుకోండి.